‘సాయం చేస్తుంది’ అనే మాట వెనుక
(మహిళా కార్యకర్తల శిక్షణ శిబిరంలో ఇచ్చిన ఉపన్యాస పాఠం)



స్త్రీల భూమి హక్కు గురించి మాట్లాడుకునే చోట అమెరికా పశువుల రాంచ్‌ల ప్రస్తావన ఎందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. వేల ఎకరాల బీళ్లు, కంచెలు, ట్రక్కులు ఉన్న ఆ సంసారాలకీ, రెండు గేదెలు మేపుకునే మనవాళ్లకీ పోలికేమిటి? సంపదలో పోలిక లేదు. చాకిరీ ఎవరిది, పేరు ఎవరిది అన్న లెక్కలో ఉంది. ఆ లెక్కని అక్కడి ఆడవాళ్లు చట్టం దాకా తీసుకెళ్లి కొంత మార్పించారు. ఎలా మార్పించారో, ఎక్కడ ఆగిపోయారో చూడటం మనకి పనికొస్తుంది.

ముందు ఆ పని ఏమిటో తెలియాలి. మోంటానా, వయోమింగ్, నెబ్రాస్కా లాంటి రాష్ట్రాల్లో రాంచ్ అంటే పాడి కాదు. అక్కడివి మాంసం కోసం పెంచే పశువులు. ఆవు పాలు దూడకే. దూడే పంట. వేసవిలో ఆబోతులను మందలోకి వదులుతారు. తొమ్మిది నెలల పైచిలుకు మోసి ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఆవులు ఈనుతాయి. అవి మంచు కురిసే రోజులు. తొలిచూలు ఆవులను రాత్రంతా రెండు మూడు గంటలకొకసారి లేచి చూసి రావాలి. దూడ అడ్డం తిరిగితే చెయ్యి పెట్టి సరిచేయాలి. పుట్టిన కొద్ది గంటల్లో జున్నుపాలు కడుపులో పడకపోతే దూడకి రోగాన్ని తట్టుకునే శక్తి చాలదు. చలికి కొయ్యబారిన దూడని ఇంట్లోకి తెచ్చి, స్నానాల తొట్టెలో గోరువెచ్చని నీళ్లలో ఉంచి, వంటింటి నేల మీద తుడిచి ఆరబెట్టడం అక్కడ మామూలే. అయితే వంటింట్లోకి రాగానే అదే పని ఇంటిపని కింద జమ అయిపోతుంది. కొట్టంలో బతికిస్తే పశుపోషణ, పొయ్యి పక్కన బతికిస్తే ఆడవాళ్ల జాలిగుణం!

ఆ తర్వాత దూడలకి వాతలు వేయడం, టీకాలు, కోడెదూడలకి విత్తులు తీయడం. ఇరుగుపొరుగు వచ్చి చేసిపోతారు. ఫొటోల్లో, సినిమాల్లో మీరు చూసేది ఈ భాగాన్నే. గుర్రం మీద మగవాడు, చేతిలో తాడు. ఆ జనానికంతా వండిపెట్టిన మనిషి ఫొటోలో ఉండదు. వేసవంతా మందని ఒక బీడు నుంచి ఇంకో బీడుకి మారుస్తూ ఉండాలి. గడ్డి సగం మేపి సగం వదలాలని వాళ్లలో ఒక వాడుక లెక్క. అలా వదలకపోతే వేరు బలహీనపడి మరుసటేడు బీడు మొలవదు. ఏ ఆవు ఎప్పుడు ఈనింది, ఏ బీట్లో ఎన్నాళ్లు మేసింది అన్న రాతకోతలు చాలా ఇళ్లలో ఆడవాళ్ల చేతిలోనే ఉంటాయి. ఆరు నుంచి ఎనిమిది నెలల వయసులో దూడకి తల్లి పాలు మాన్పించి అమ్ముతారు. చూడి కట్టని ఆవులనూ అప్పుడే అమ్మేస్తారు. ఏడాదికంతా దాదాపు ఒక్కటే చెక్కు. మిగతా నెలలు గడవడానికి భార్య ఊళ్లో టీచరుగానో, నర్సుగానో పని చేస్తుంది. ఆ దేశంలో ఆరోగ్య బీమా కూడా ఎక్కువగా ఉద్యోగంతోనే వస్తుంది గనుక ఆమె ఉద్యోగం లేకపోతే రాంచే నిలవని ఇళ్లున్నాయి.

ఇంత చేసినా ఆమె గురించి వినిపించే మాట ఒక్కటే: ‘భర్తకి సాయం చేస్తుంది.’ సమాజశాస్త్రవేత్త కారొలిన్ సాక్స్ 1983లో రాసిన పుస్తకానికి ‘కనిపించని రైతులు’ అని పేరు పెట్టింది ఇందుకే.

ఈ ‘సాయం’ అనే మాటకి ఖరీదు ఎంతో భర్త పోయినప్పుడు తెలిసేది. భూమి ఇద్దరి పేరా ఉమ్మడిగా ఉన్నా, ఒకరు చనిపోతే అదంతా పోయిన మనిషి ఆస్తేనని అమెరికా వారసత్వ పన్ను చట్టం భావించేది. బతికున్నవాళ్లు తమ డబ్బు ఎంత పెట్టారో రుజువు చేసుకుంటే అంతవరకే తీసేసేవారు. భార్య పోతే భర్తకి పెద్ద చిక్కు లేదు, రశీదులూ బ్యాంకు ఖాతా అతని పేరే. భర్త పోతే? ముప్పై ఏళ్లు దూడల్ని బతికించిన శ్రమకి రశీదు ఏదీ? 1970లలో భూమి ధరలు పెరిగేసరికి, ఈ పన్ను కట్టడానికి భూమో, మందో అమ్ముకోవలసి వస్తుందన్న భయం పట్టుకుంది. దీన్ని వాళ్లు ‘విధవ పన్ను’ అన్నారు. 1976లో నెబ్రాస్కాలో రైతు స్త్రీలు పెట్టుకున్న ఒక సంఘం పొడి అక్షరాల పేరు ‘వైఫ్’. అవును, భార్య అనే! మనలో చాలామందికి ఆ పేరు రుచించదు. అయితే వారసత్వ పన్ను మార్చాలని గట్టిగా పట్టుబట్టిన వాళ్లలో ఈ భార్యలున్నారు. 1976 నుంచి కొన్ని సడలింపులు వచ్చాయి. 1981 చట్టంతో భార్యాభర్తల మధ్య ఈ పన్నే పోయింది. ఇక్కడ ఒక మాట గమనించాలి. ఆమె శ్రమకి విలువ కట్టి ఈ పన్ను తీసేయలేదు. భార్య కాబట్టి తీసేశారు. కూతురికి, కోడలికి ఆ లాభం లేదు.

ఇక గణాంకాల సంగతి. మన ఒంగోలు జాతి బ్రెజిల్‌కి వెళ్లి ‘నెలోరే’ అయింది. అమెరికా బ్రాహ్మన్ జాతిలోనూ దాని రక్తం ఉంది. 1924లో ఏర్పడిన బ్రాహ్మన్ పెంపకందార్ల సంఘం ఏ దూడకి తల్లి ఏదో రాసిపెడుతుంది. మనుషుల విషయంలో మాత్రం రైతు ఆడా మగా అని అక్కడి వ్యవసాయ గణన అడిగింది 1978లోనే. స్త్రీలు సుమారు 5 శాతం అని తేలింది. ఎందుకంటే ఒక కమతానికి ఒక్క పేరే రాయాలి. 2002లో ముగ్గురి పేర్లకి చోటిచ్చారు. 2017లో నలుగురికి చోటిచ్చి, నిర్ణయాలు ఎవరెవరు తీసుకుంటారని విడివిడిగా అడిగారు. స్త్రీలు 36 శాతం అయ్యారు, 12 లక్షల పైమాటే. 2022లోనూ అదే శాతం. 2012కీ 2017కీ మధ్య లక్షలమంది ఆడవాళ్లు కొత్తగా పశువుల దగ్గరికి రాలేదు. ప్రశ్న మారింది, అంతే.

లెక్కలోకి వచ్చినంత మాత్రాన అప్పు పుట్టదు. మోంటానాకి చెందిన పశుపాలకురాలు రోజ్‌మేరీ లవ్, మరికొందరు స్త్రీలు 2000లో ప్రభుత్వ వ్యవసాయ శాఖ మీద కేసు వేశారు, ఆడవాళ్లమని రుణాల్లో వివక్ష చూపారని. వాళ్ల కేసులన్నీ ఒకే తీరువి కావంటూ కోర్టులు వాళ్లని ఒక సమూహంగా గుర్తించలేదు. చివరికి ప్రభుత్వం 133 కోట్ల డాలర్లు కేటాయించి, 2012, 2013లలో ఒక్కొక్కరి నుంచీ విడిగా దరఖాస్తులు తీసుకుంది. రుజువులు మళ్లీ ఆమే తేవాలి, అవీ 1981 నుంచి 2000 దాకా జరిగిన వాటికి. డకోటా ఆదివాసీ పశుపాలకురాలు మేరిలిన్ కీప్స్‌ఈగిల్, ఆమె భర్త ముందు నిలబడ్డ 1999 నాటి కేసులో ఆదివాసులను సమూహంగా గుర్తించారు. 2010లో 76 కోట్ల డాలర్ల రాజీ కుదిరింది. అన్నట్టు, ఈ రాంచ్‌లున్న నేల ఆదివాసుల దగ్గర గుంజుకున్నదే. 1862 హోమ్‌స్టెడ్ చట్టం పెళ్లి కాని స్త్రీకీ, వితంతువుకీ ఆ నేల మీద 160 ఎకరాలు అడిగే వీలిచ్చింది, భర్తతో ఉన్న భార్యకి ఇవ్వలేదు. తెల్ల స్త్రీల హక్కు గురించి మాట్లాడేటప్పుడు ఈ రెండు సంగతుల్నీ విడదీయకూడదు.

మన దగ్గరా ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబాలకి 2004 నాటి 421 జీవో కింద సాయం తేల్చేటప్పుడు పట్టా, అప్పు కాగితాలే ముందు అడిగారు. 2018లో తెలంగాణలో మొదలైన రైతుబంధుకి పట్టాదారు పాసుపుస్తకమే ఆధారం అయింది. పేడ ఎత్తే చెయ్యి ఒకరిది, పాల కేంద్రంలో సభ్యత్వం ఇంకొకరిది అయిన ఇళ్లు మీరంతా చూసినవే.

మనం పంచుకున్న సర్వే పత్రంలో మొదటి ప్రశ్న ‘ఇంటి యజమాని పేరు, వృత్తి’ అని ఉంది. అది తీసేసి, నిన్న రాత్రి కొట్టంలోకి ఎవరు వెళ్లారు, చూడి గేదెని అమ్మాలా వద్దా అని ఎవరు తేల్చారు, పాల డబ్బు ఎవరి చేతికి వచ్చింది అని అడగమంటున్నాను. భోజనాల తర్వాత ఆ పత్రాన్ని ముందేసుకుని కూర్చుందాం.