వీసా కాగితం చదివారా?



పన్నెండేళ్ళుగా పిల్లలకు లెక్కలు చెబుతున్నదాన్ని నేను. "ప్రశ్న సాంతం చదవకుండా జవాబు మొదలుపెట్టకండర్రా" అని ప్రతి పరీక్ష ముందూ వాళ్ళను కోప్పడేదాన్ని. అలాంటి నేనే, నా చేతికిచ్చిన ఒక్క పేజీ కాగితం సరిగ్గా చదవకుండా విమానమెక్కాను. ఆ సంగతే ఇవాళ మీకు చెప్పదలచుకున్నాను. విని నవ్వుకున్నా ఫరవాలేదు. మీలో ఒక్కరికి పనికొచ్చినా నేను పడ్డ సిగ్గు వృథా కానట్టే.

2023 వేసవిలో మా అమ్మాయికి ఇంజనీరింగులో సీటు వచ్చింది. మాది రాజమండ్రి. మావారిది చిన్న ఉద్యోగం. ప్రైవేటు స్కూల్లో నాకొచ్చేది నెలకు ఇరవై వేలు. ఫీజు ఎలాగా అని తలపట్టుకుని కూర్చున్న రోజుల్లో, తెలిసినవాళ్ళ ద్వారా ఒక కన్సల్టెన్సీ ఆయన పరిచయమయ్యాడు. షార్జాలో మన సిలబస్ చెప్పే స్కూలట. లెక్కల టీచరు ప్రసూతి సెలవు మీద వెళుతోందట. ఆరు నెలల తాత్కాలిక ఉద్యోగం, జీతం మూడున్నర వేల దిర్హములు. మన డబ్బులో అప్పట్లో డెబ్బై ఎనిమిది వేల దాకా వచ్చేది. ఆయనకు ఎనభై వేలు ఇచ్చుకోవాలి. నాలుగు గాజులు బ్యాంకులో కుదువపెట్టాను.

"వీసా సంగతేమిటండీ?" అని అడక్కపోలేదు. "వెళ్ళాక వాళ్ళే మార్చేస్తారమ్మా, అందరూ అలాగే వెళతారు" అన్నాడు. అందరూ అలాగే వెళతారన్న మాటకు మనం ఎంత తేలిగ్గా లొంగిపోతామో చూడండి!

ఆగస్టు ఆఖరున, వేసవి సెలవులయ్యాక స్కూలు తెరిచారు. పిల్లలు ముచ్చటైనవాళ్ళు. పదో తరగతికి త్రికోణమితి మొదలుపెట్టాను. రెండు వారాలు హాయిగా గడిచాయి. ఒకటి రెండు విషయాలు మాత్రం వింతగా తోచాయి. హాజరు పట్టీలో నా పేరు లేదు. అడిగితే "మీది సర్దుబాటు పోస్టు గదా" అన్నారు. మిగతా టీచర్లకు జీతం బ్యాంకులో పడుతుంది, నాకు మాత్రం కవరులో పెట్టి ఇస్తారట. నా డిగ్రీ సర్టిఫికెట్లు ఎవరూ అడగలేదు. అక్కడ ఉద్యోగం చేయాలంటే మన సర్టిఫికెట్లకు ఇక్కడి రాష్ట్ర ప్రభుత్వమూ, విదేశాంగ శాఖా, ఆ దేశపు రాయబార కార్యాలయమూ వరుసగా ముద్ర వేయాలి. "ఆ తిప్పలన్నీ తప్పాయి" అని నేను సంతోషించాను. నిజానికి అనుమానించవలసింది అక్కడే.

సెప్టెంబరులో ఒకనాటి ఉదయం, బోర్డు మీద సగం లెక్క వేసి ఉండగా ఆఫీసు కుర్రాడు వచ్చాడు. "మేడమ్, పైన లైబ్రరీలో కూర్చోమన్నారు. పిలిచేదాకా కిందికి రావద్దన్నారు" అన్నాడు. వెళితే అక్కడ అప్పటికే మరో ఇద్దరున్నారు. ఒకామె మలయాళీ. నన్ను చూసి, "మీదీ విజిట్ వీసాయేనా? కింద తనిఖీ జరుగుతోంది" అంది మెల్లగా. ఆమె భర్త వీసా మీద ఆ దేశంలో ఉంటోంది. ఉండడానికి ఏ ఇబ్బందీ లేదు, కాని ఆమె పేరున స్కూలు పని పర్మిట్ తీయలేదు. నాకేమో ఉండడానికీ రెండు నెలల గడువే, పని చేయడానికి అసలు హక్కే లేదు.

పుస్తకాల బీరువాల మధ్య దొంగల్లా కూర్చున్నాం, గంటన్నర. నా జీవితంలో అంత పొడుగు పీరియడ్ మరొకటి లేదు.

ఆ రాత్రి గదిలో కాగితం బయటికి తీసి అక్షరం అక్షరం చదివాను. టూరిస్టు అని స్పష్టంగా ఉంది. అరవై రోజులని ఉంది. నన్ను ఎవరూ అబద్ధపు కాగితంతో మోసం చేయలేదు. అందులో నిజమే రాసి ఉంది, నేనే చూసుకోలేదు.

తర్వాత తెలుసుకున్న సంగతులు చెబుతాను. విజిట్ వీసా మీద వెళ్ళినవారు ఉద్యోగం దొరికాక, ఆ దేశంలో ఉండగానే ఉద్యోగ వీసాకు మారవచ్చు. అది తప్పు కాదు. పని పర్మిట్ చేతికి రాకముందే పనిలో చేరడం తప్పు. తాత్కాలికమనీ, సగం పూటేననీ, భర్త వీసా ఉందనీ చెబితే కుదరదు. తాత్కాలిక పనికీ, పార్ట్‌టైముకీ, కుటుంబం వీసా మీద ఉన్నవారికీ కూడా అక్కడ వేరువేరు పర్మిట్లున్నాయి. అంటే దారి ఉంది, ఆ ఖర్చూ శ్రమా పడడం స్కూలుకి ఇష్టం లేదు, అంతే. 2022 ఫిబ్రవరి నుంచి అమలులోకి వచ్చిన అక్కడి కార్మిక చట్టం ప్రకారం, పర్మిట్ లేనివారిని పనిలో పెట్టుకున్న యజమానికి యాభై వేల నుంచి రెండు లక్షల దిర్హముల దాకా జరిమానా ఉండేది. 2024లో దాన్ని లక్ష నుంచి పది లక్షలకు పెంచారు. మరి పనిచేసినవారి మాటేమిటంటారా? వారికీ జరిమానా పడవచ్చు, దేశం నుంచి పంపివేయనూవచ్చు.

మర్నాడు ప్రిన్సిపాల్‌ను అడిగాను. "వచ్చే నెలలో చూద్దాం. మధ్యలో మానేస్తే జీతం రాదు, పిల్లల పరీక్షలు పాడవుతాయి" అన్నారు. రెండో మాట నన్ను బాధించింది. పిల్లల పేరు చెప్పి టీచరు నోరు మూయించడం చాలా తేలిక.

మూడు రాత్రులు నిద్ర లేదు. ఫోనులో మా ఆడపడుచు, "వదినా, అందరూ చేస్తున్నదే గదా, గాజులు విడిపించుకునేదాకా ఓపిక పట్టు" అంది. మావారు మాత్రం, "గాజులు పోతే పోయాయి, నువ్వు దాక్కుని బతకడమేమిటి? వచ్చెయ్యి" అన్నారు. నిజం చెప్పొద్దూ, నాకు ఆడపడుచు మాటే నచ్చింది. ఊళ్ళో అందరికీ చెప్పుకుని వెళ్ళాను, నెల తిరక్కుండా ఏ ముఖంతో తిరిగి రాను?

దుబాయిలో మన ప్రభుత్వం నడిపే ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఉందని ఆ మలయాళీ సోదరే చెప్పింది. వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. వాళ్ళు తిట్టలేదు. ముందు పని ఆపండి, గడువు దాటనీయకండి, దాటితే రోజుకు యాభై దిర్హములు జరిమానా అన్నారు. పాస్‌పోర్టు ఎవరి చేతికీ ఇవ్వవద్దన్నారు. అక్కడి చట్టం ప్రకారం యజమాని దాన్ని తన దగ్గర ఉంచుకోకూడదు కూడాను.

ఒక నెల జీతం కవరు అందింది. ఆ పైన చేసిన పన్నెండు రోజులది ఇవ్వలేదు. కాగితం మీద లేని ఉద్యోగానికి జీతం బాకీ ఏమని నిరూపించను? చివరి రోజున పదో తరగతి పిల్లలకు వెళుతున్నానని చెప్పాను. ముందు బెంచీ అమ్మాయి, "మళ్ళీ లైబ్రరీకా, టీచర్?" అంది. పిల్లలకు అన్నీ తెలుస్తాయి. "లేదమ్మా, ఇంటికి" అన్నాను. ఆ మాట అన్నాక గుండె తేలికపడింది.

ఇక్కడ ఒక మాట గమనించండి. పదో తరగతి కూడా చదవనివారు గల్ఫ్ దేశాలకు పనికి వెళ్ళాలంటే, 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం వారి కాగితాలను ప్రభుత్వాధికారి పరిశీలించి అనుమతి ఇవ్వాలి. మన చదువుకున్నవాళ్ళకు ఆ పరిశీలన లేదు. చదువుకున్నవారు తమ కాగితం తామే చదువుకుంటారని ప్రభుత్వం నమ్మింది. ఎమ్మెస్సీ, బీఈడీ చదివిన నేను ఆ నమ్మకాన్ని వమ్ము చేశాను!

కాబట్టి మీరుగాని, మీ అమ్మాయిగాని ఇలా వెళ్ళవలసివస్తే, ముందు ఏజెంటు పేరు ఈ-మైగ్రేట్ జాబితాలో ఉందో లేదో చూడండి. రిజిస్టరైన ఏజెంటు ముప్పై వేలు, దాని మీద జీఎస్టీ మించి తీసుకోకూడదు. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రలో ఓంక్యాప్ అని ప్రభుత్వ సంస్థలే ఉన్నాయి, అక్కడ వాకబు చేయండి. ఎమిరేట్స్‌కు వెళ్ళేవారికి 2016 నుంచి అక్కడి కార్మిక శాఖ నమూనాలో ఆఫర్ లెటర్ ఉంటుంది. బయలుదేరకముందే దాని మీద మీ సంతకం తీసుకోవాలి. స్కూలు లెటర్‌హెడ్ మీద రాసిచ్చిన ఉత్తరం దానికి బదులు కాదు. "వచ్చాక మారుస్తాం" అంటే, "మార్చాకే వస్తాను" అనండి. ఉద్యోగం పోతుందేమోనని భయపడకండి. అలా అడిగినందుకు పోయే ఉద్యోగం అసలు లేని ఉద్యోగమే.

నా గాజులు విడిపించడానికి ఏడాదిన్నర పట్టింది. పాత స్కూల్లోనే చేరాను. హాజరు పట్టీలో సంతకం పెట్టేటప్పుడు ఇప్పుడు నా పేరు ఒకసారి చూసుకుని మరీ పెడుతున్నాను.