హైస్కూలు విడుచు పిల్లలకు వీడ్కోలు సభలు, జ్ఞాపికలు
(వార్షిక మహాసభయందు విద్యోపసంఘము పక్షమున చదువబడిన యుపన్యాసము)



విద్యాభివృద్ధినిగూర్చి నాలుగు మాటలు చెప్పుడని ఆహ్వానసంఘమువారు మమ్ము కోరిరి. విద్యాభివృద్ధి యనునది మిక్కిలి పెద్ద మాట. దానినిగూర్చి ప్రతి సంవత్సరమును ఈ వేదికపైనుండి పెద్దలు సెలవిచ్చుచునే యున్నారు. మేమందులో నొక చిన్న భాగమును మాత్రమే యెత్తికొనుచున్నాము. పదవ తరగతి ముగించి హైస్కూలు విడిచిపోవు మన పిల్లలకు మనము జరుపు సభ యెట్లుండవలెను? ఆ దినమున వారి చేతిలో నుంచవలసిన వస్తు వేది? ఇది పిల్లల వేడుకయేకదా యని కొందఱు నవ్వవచ్చును. కాని యీ విషయమున మేము చేసిన పొరపాటులు పెక్కులు గలవు. వానిని ముందుగా మీ యెదుట నొప్పుకొని, పిమ్మట మా మనవి చెప్పుకొందుము.

మూడేండ్ల క్రిందట మన సంఘము జరిపిన సన్మానసభ మీలో ననేకులకు జ్ఞప్తియుండును. పదిగంటలకని ఆహ్వానపత్రికలలో నచ్చువేయించితిమి. పండ్రెండు గంటలకు ప్రారంభించితిమి. దాతలకు శాలువలు, దండలు, వారి వదాన్యతనుగూర్చి ప్రశంసలు, ఆ ప్రశంసలకు వారి ప్రత్యుత్తరములు, ఇవన్నియు ముగియునప్పటికి రెండున్నర గంటలు గడచినవి. పిల్లలు డెబ్బదిమంది. వారి కార్యక్రమము ఇరువది నిమిషములలో ముగిసెను. పేర్లు సరిగా చదువుటకైనను తీరిక లేకపోయెను. ఒక బాలికను మఱియొకరి యింటిపేరుతో పిలువగా, పిలిచినది తన్నో కాదో తెలియక ఆ బిడ్డ మెట్లకడ నిలిచిపోయినది. వెనుకనున్నవారు త్రోయగా వేదిక యెక్కినది.

ఆనాడు మేమిచ్చిన జ్ఞాపిక యెట్టిదందురా? పసిడిపూత పూసిన ప్లాస్టిక్కు పీఠము, దానిపై గాజుపలక. పలకమీద సంఘము పేరు పెద్ద యక్షరములతోను, అధ్యక్ష కార్యదర్శుల పేర్లు మధ్యమాక్షరములతోను చెక్కించితిమి. విద్యార్థి పేరు మాత్రము లేదు. మఱుసటి సంవత్సరము చందాకై యొక యింటికి పోగా, తలుపు గాలికి కొట్టుకొనకుండ దానినే అడ్డుపెట్టియుండిరి. ఆ యింటివారు మమ్ముచూచి సిగ్గుపడి దానిని తీయబోయిరి. సిగ్గుపడవలసినది వారు కారు. తమ బిడ్డ పేరు లేని వస్తువును వారంతకన్న మంచి పనికి వాడుటెట్లు?

పూర్వము మదరాసు రాజధానిలో చేరియున్న ఆంధ్ర జిల్లాలలో స్కూలు ఫైనలు ముగించిన విద్యార్థికి ఎస్.ఎస్.ఎల్.సి. పుస్తకమని యొకటి చేతికి వచ్చెడిది. అది యొంటి కాగితము గాదు, అట్టవేసి కుట్టిన పుస్తకము. అందు విద్యార్థి పేరు, జన్మతేది, పుట్టుమచ్చలు, మార్కులు, ప్రధానోపాధ్యాయుని చేవ్రాలు ఉండెడివి. మన తాతల భోషాణములలో పట్టుబట్టలక్రింద భూమి దస్తావేజులతో కలిపి దాచబడిన ఆ పుస్తకములను మేము చూచియున్నాము. జ్ఞాపిక యను పేరు దాని కెవ్వరును పెట్టలేదు గాని, అంతకు మించిన జ్ఞాపిక వారికి లేకుండెను.

దాని తరువాతది గ్రూపు ఫోటో. దీనినిగూర్చి కొంచెము విరివిగా చెప్పనిండు. పట్టణమునుండి ఫోటోగ్రాఫరు ముక్కాలిపీటవంటి స్టాండుతో వచ్చెడివాడు. నడుమ కుర్చీలో ప్రధానోపాధ్యాయుడు, ఇరుప్రక్కల తక్కిన యయ్యవార్లు, వెనుక నేలమీద నిలుచున్న వరుస, దాని వెనుక బల్లలపై నిలుచున్న వరుస, ముందు నేలపై పొట్టివారు. ఫోటోగ్రాఫరు నల్లబట్ట కప్పుకొని లోపలినుండి కదలవద్దని కేకవేసెడివాడు. కదలినవాని ముఖము నేటికిని మసకగానే యున్నది. పటము క్రింద దళసరి అట్టపై వరుసవరుసకు పేర్లు వ్రాయించెడివారు. ఆ పేర్లే ముఖ్యము. పేర్లు లేని పటము ఇరువదియేండ్లకు బొమ్మ యగును. పేర్లున్న పటము దస్తావేజు.

మా యుపసంఘమున నొకరు 1986లో పదవ తరగతి చదివిరి. పాఠశాల పేరుతో మనకు పనిలేదు. ఫోటోకు తలకు 15 రూపాయలని క్లాసులో చెప్పిరి. వారి తండ్రిగారికి ఆ మాసమున పని లేదు. ఇంట నడుగుటకు మనసొప్పక, ఫోటోదినమున జ్వరమని చెప్పి, నీళ్లతొట్టి వెనుక కూర్చుండి, బల్లలు మోయు చప్పుడును నవ్వులును వినిరి. డబ్బీయనివాడు వరుసలో నిలువరాదని యెవ్వరును అనలేదు. అనవలసిన పనియు లేదు. 2011లో ఆ తరగతివారు ఇరువదియైదేండ్ల సమ్మేళనము చేసికొని ఆ పటమును పెద్ద ఫ్లెక్సీగా వేయించి కట్టిరి. ఒక్కొక్కరు వచ్చి తమ ముఖముపై వ్రేలు పెట్టి చూపుచుండగా, పాత మిత్రుడొకడు వీరినిచూచి, “నీవు మాతోనే చదివితివా, లేక ఒక సంవత్సరము వెనుకనా?” యని యడిగెను. వీరు నవ్వి, ఆ దినమున జ్వరము వచ్చినదనిరి. పదునైదు రూపాయలకొఱకు ఆడిన యబద్ధమును ఇరువదియైదేండ్ల తరువాత మరల ఆడవలసివచ్చెను. ఈ ముచ్చట వారు మా సమావేశమున చెప్పినపుడు కొంతసే పెవ్వరును మాటలాడలేదు. ఫోటో సొమ్ము సంఘమే భరింపవలెనని ఆ దినముననే నిశ్చయించుకొంటిమి.

ఇక 2020, 2021 సంవత్సరముల మాట. కరోనా కారణమున ఉభయ తెలుగు రాష్ట్రములలోను ఆ రెండేండ్లును పదవ తరగతి పరీక్షలు రద్దు చేయబడి, విద్యార్థులందఱు నుత్తీర్ణులుగా ప్రకటింపబడిరి. పరీక్ష లేని పాసని లోకము వారిని పరిహసించినది. చివరి పరీక్ష వ్రాసి వెలుపలికి వచ్చి, ఒకరి తెల్లచొక్కాపై నొకరు సిరాతో పేర్లు వ్రాసికొను దినము వారికి లేకపోయెను. ఆ చొక్కాల యాటను మేమును పూర్వము గద్దించినవారమే. బట్ట పాడగునని మా వాదము. మన వీథిలోని యొక తల్లి అట్టి చొక్కాను ఉదుకక మడతపెట్టి దాచినదని తెలిసిన పిమ్మట మా వాదమును విరమించుకొంటిమి.

2022లో మన వసతిగృహపు ఆవరణమున ఆ రెండు సంవత్సరముల పిల్లలను కూర్చి ఫోటో తీయింపదలచితిమి. నలువదిమందికి కబురు పంపితిమి. పందొమ్మండుగురు వచ్చిరి. రానివారిలో కొందఱు పనులకు దూరదేశములు పోయిరి. కొందఱు కబురు నమ్మలేదు. ఇద్దఱు బాలికలకు వివాహములై అత్తవారిండ్లకు పోయిరి. వారికి పదునెనిమిదేండ్లు నిండలేదు. ఈ సంగతి మాకును తెలియును, మీకును తెలియును. ఆ పెండ్లిండ్లలో భోజనముచేసినవారు ఈ సభలో నున్నారు, మాలోను ఉన్నారు.

కావున, మహాశయులారా, జ్ఞాపిక యేదై యుండవలెనను ప్రశ్నకు మేము చెప్పు సమాధానము మీకు మిక్కిలి చప్పగా తోచును. ఒక గట్టి ఫైలు. లోపల విడివిడి సంచులు గలది, జిప్పు గలది, వానకు తడియనిది. పైని విద్యార్థి పేరు ఇంటిపేరుతో సహా అచ్చువేయబడినది. సంఘము పేరు వేయవలెనన్న లోపలి యట్టపై చిన్నదిగా వేయవచ్చును. అందు ముందుగానే గ్రూపు ఫోటో ఒకటి, పేర్లతో. పదవ తరగతి మెమో, టీసీ, స్టడీ సర్టిఫికేటు, కులధ్రువీకరణ పత్రము, ఆదాయపత్రము వీనికి వేర్వేరు సంచులు.

ఏల యింత పట్టుదల యందురు. పదవ తరగతి మెమోలో నున్న పేరు, తల్లిదండ్రుల పేర్లు, జన్మతేది ఆ బిడ్డను జీవితాంతము వెన్నంటును. ఉద్యోగమున చేరునపుడు అదే, పాస్పోర్టునకు అదే. పదవ తరగతి యుత్తీర్ణుడైనవానికి ఎమిగ్రేషను తనిఖీ యక్కరలేని పాస్పోర్టు లభించును. గల్ఫు దేశములకు పోవు మన యువకుల కిది యెంత మేలో, పోయివచ్చినవారి నడుగుడు. 2006వ సంవత్సరపు బాల్యవివాహ నిషేధ చట్టము ప్రకారము వధువునకు 18 యేండ్లు, వరునకు 21 యేండ్లు నిండవలెను. వయస్సెంత యని యెవరైన నడిగినపుడు, జన్మతేది గల కాగితము బాలిక పెట్టెలో నుండుట వేఱు, తండ్రిగారి బీరువాలో నుండుట వేఱు. అందుచేతనే ఆ ఫైలును వేదికపై బిడ్డ చేతికే యీయవలెనుగాని తండ్రిచేతి కీయరాదని మేము పట్టుబట్టుచున్నాము. ఇందుకు మాపై గోపించిన పెద్ద లిద్దఱు ముగ్గురున్నారు. వారికి మా నమస్కారములు.

సర్టిఫికేట్లను లామినేషను చేయింపవద్దనియు పిల్లలకు చెప్పవలెను. అందముగా నుండునని మనవా రందఱు నదే చేయుదురు. పిమ్మట దానిపై ముద్రవేయుటకు గాని, అసలో నకలో తేల్చుటకు గాని వీలుండదు. 2015లో కేంద్రప్రభుత్వమువారు నెలకొల్పిన డిజిలాకరునందు ఖాతా తెఱచుట యెట్లో సభాదినముననే వసతిగృహపు పూర్వవిద్యార్థులు ప్రక్కగదిలో కూర్చుండి చూపగలరు.

అమెరికాలోని మన సోదరులు కొందఱు ఉదారముగా ధనముపంపి, అచ్చటివలె మన పిల్లలకు గూడ నల్లగౌనులు, పలకటోపీలు తొడిగింపుడని వ్రాసిరి. వారి యభిమానమునకు కృతజ్ఞులము. అచ్చట పండ్రెండవ తరగతి ముగిసినపుడు ఆ వేషము వేయుదురు, టోపీల నెగురవేయుదురు. ఆ యెగురవేయుట 1912లో అన్నపోలిసు నౌకావిద్యాలయమున మొదలైనదందురు. ఆ సంవత్సరము పట్టభద్రులకు వెంటనే అధికారుల టోపీలు లభించుటచే పాత టోపీలతో పని లేకపోయెను, ఎగురవేసిరి. వారికొక కారణమున్నది. మన పిల్లలు వేసవియెండలో నల్లగౌను తొడిగికొని అద్దె టోపీ నెగురవేసినచో, అది చినిగెనని దుకాణదారుడు మన బయానా పట్టుకొనును. కాని వారి పద్ధతులలో నొకటి మాత్రము మన మెరువు తీసికొనదగినది. అది యియర్‌బుక్కు. ప్రతి విద్యార్థికిని అందు ఫోటోయు పేరు నుండును. మొదటివాడని, చివరివాడని భేదము లేదు. మన పిల్లల ఆటోగ్రాఫు పుస్తకములలోని రంగురంగుల కాగితములు గూడ ఆ పనియే చేయుచుండెను. ఫైలులో పదునాఱు పుటల తెల్లకాగితపు చిన్నపుస్తక మొకటి కుట్టించి పెట్టితిమేని తక్కినది వారే వ్రాసికొందురు.

ఇంకొక వస్తువు కలము. 1932 మొదలు రాజమహేంద్రవరమున రత్నంవారు చేతితో కలములు చేయుచు వచ్చిరి. గాంధీగారి స్వదేశీ పిలుపు వారికి ప్రేరణ. అందఱికిని అట్టి కలములు కొనుటకు మన నిధి చాలదు. సాధారణమైన సిరాకలము చాలును. కాని పరీక్షకు ముందే యీయవలెను. పరీక్ష ముగిసిన పిమ్మట కలమిచ్చుట భోజనమైన పిమ్మట ఆకు వేయుటవంటిది.

ఇందుచేతనే సభ యెప్పుడు జరుపవలెనను ప్రశ్నయు తేలిపోవుచున్నది. ఫలితములు వచ్చిన పిమ్మట సన్మానము చేసినచో గెలిచినవారే వత్తురు. తప్పినవాడు ఆ దినమున ఇంటినుండి వెలుపలికి రాడు. వానికి అడ్వాన్సుడు సప్లిమెంటరీ పరీక్ష కొలదివారములలోనే యున్నది. ఆ వారములలో వానికి కావలసినది మన తోడు, మనమో యప్పుడు ఇతరులకు దండలు వేయుచుందుము. మార్కులకు బహుమతు లీయవలదని మేమనము. దాతలు తమ పెద్దల పేర నేర్పరచిన బహుమతులు యథావిధిగా వేసవిలో నీయవచ్చును. వీడ్కోలు సభ మాత్రము ఫిబ్రవరిలో, పరీక్షలకు ముందు, చదువునకు భంగము కలుగకుండ ఒక ఆదివారము సాయంకాలమున, పదవ తరగతి చదువు మన పిల్లలందఱకును జరుపవలెను.

గడచిన ఫిబ్రవరిలో దీనిని కొలదిపాటిగా పరీక్షించి చూచితిమి. యాబదియిద్దఱు పిల్లలు. శాలువలు లేవు. పెద్దలు ముందువరుసలో గాక వెనుక కూర్చుండిరి. ఒకరిద్దఱు కినుకతో వెడలిపోయిరి. ప్రతి బిడ్డ పేరును ముందునాడే వారి యెదుట చదివి, తప్పులు దిద్దించితిమి. ఆ చదువుటలో నలుగురి పేర్లు బడి రికార్డులలోనే తప్పుగా నున్నట్లు బయటపడినది. బడివారిని ప్రార్థించి పరీక్షకు ముందే సవరణకు ప్రయత్నించితిమి. ముగ్గురివి సరియైనవి, నాలుగవది ఇంకను తిరుగుచున్నాము. ఫైలు, ఫోటో, కలము, చిన్నపుస్తకము కలిసి తలకు 400 రూపాయలకు మించలేదు. మూడేండ్లనాటి గాజుపలకలకును, శాలువలకును, ఫ్లెక్సీలకును అయిన వ్యయమును లెక్కించినచో ఆ సొమ్ముతో నిట్టి సభలు రెండు జరుపవచ్చును. లెక్కల పుస్తకము కోశాధికారిగారియొద్ద నున్నది, చూడగోరువారు చూడవచ్చును.

ఈ పద్ధతిని మహాసభవారు తీర్మానముగా నంగీకరించి, తాలూకా శాఖలన్నిటికి పంపవలెనని మా ప్రార్థన. బలపరుపదలచినవారు అధ్యక్షులవారికి చీటి పంపగలరు.

వచ్చు సంవత్సరము పదవ తరగతి వ్రాయు పిల్లల పేర్లు నమోదుచేయుటకు ద్వారముకడ బల్లపై పుస్తకముంచితిమి. తల్లిదండ్రులు వ్రాయవలదు, పిల్లలే తమ పేర్లు వ్రాయవలెను. ఫోటోగ్రాఫరు నాలుగు గంటలకు వసతిగృహపు వేపచెట్టుక్రింద నుండును. 2020, 2021 సంవత్సరములవారిలో ఆనాడు రాలేకపోయినవా రెవరైన నిచ్చటనున్నచో, వారికొఱకు ఆ వరుసలో చోటుంచి రెండవ పటము తీయించుచున్నాము. దయచేసి వారిని పంపుడు.