ప్రాణవాయువు - పసికందుల చూపు

నెలలు నిండక పుట్టిన శిశువును బ్రతికించుటకు ఆమ్లజనిని మించిన సాధనము లేదని వైద్యులు చిరకాలము విశ్వసించిరి. ఆ విశ్వాసము అసత్యము కాదు. అయినను 1940 తరువాతి పది పండ్రెండు సంవత్సరములలో ఆ వాయువే ప్రపంచమున సుమారు 10,000 మంది పసిబిడ్డల చూపును హరించెను. ఆ సంగతి ఎట్లు బయటపడెనో శ్రోతలకు మనవి చేయుదును.

1942లో బోస్టన్ నగరమున టెర్రీ అను నేత్రవైద్యుడు, నెలలు నిండక పుట్టిన శిశువుల కంటి కటకము వెనుక తెల్లని పొర పేరుకొని యుండుటను వర్ణించెను. వింత యేమనగా, సదుపాయములు కొరవడిన చోట్ల కంటె పేరుపొందిన గొప్ప ఆసుపత్రులలోనే ఈ అంధత్వము హెచ్చుగా కనబడెను. విటమినులు, పాలు, వెలుతురు - వైద్యులు శంకింపని వస్తువు లేదు.

న్యూయార్కులో సిల్వర్మన్ అను శిశువైద్యుడు 1949 ప్రాంతమున ఏ.సి.టి.హెచ్. అను హార్మోనును ప్రయోగించి చూచెను. మందు పొందిన 31 మంది శిశువులలో 25 మందికి చూపు చక్కగా నిలిచెను. అదే నగరమున, ఈ మందు వాడని మరియొక ఆసుపత్రిలో వ్యాధి సోకిన ఏడుగురిలో ఆరుగురు అంధులైరి. ఇంతకంటె నిదర్శన మేమి కావలెనని ఎవరికైనను తోచును. కాని ఆయనకును, ఆయన పై వైద్యునికిని తృప్తి కలుగలేదు. ఒక పెట్టెలో నీలము, తెలుపు గోళీలు కలిపియుంచి, చేతికి వచ్చిన గోళీ రంగును బట్టి ఒక బిడ్డకు మందు ఇచ్చిరి, మరియొక బిడ్డకు మానిరి. పసిబిడ్డల కన్నులతో గోళీలాటయా అని మనసు చివుక్కుమనును. ఫలిత మేమనగా, మందు పొందినవారిలో సుమారు మూడవ వంతు అంధులైరి. పొందనివారిలో ఐదవ వంతు మాత్రమే. మరణములును మందు పొందినవారిలోనే అధికము. తొలిదశలో ఈ వ్యాధి చాలమందికి తనంతట తానే తగ్గునని, ఆ కీర్తి మందునకు దక్కినదని అప్పుడు తేలెను.

1951లో మెల్బోర్న్ నగరమున కేట్ కాంబెల్ అను వైద్యురాలు ఆమ్లజనిని ధారాళముగా ఇచ్చు చోట్లను, పొదుపుగా ఇచ్చు చోట్లను పోల్చి, దోషము ఆ వాయువునందే యుండవచ్చునని వ్రాసెను. కారణము తరువాత విశదమైనది. రెటీనా, అనగా నేత్రపటలము మీది రక్తనాళములు గర్భమున నాలుగవ మాసమున బయలుదేరి, నెలలు నిండు వేళకు గాని అంచులను చేరవు. ముందుగా పుట్టిన శిశువునకు ఆమ్లజని మితిమీరినచో వాని పెరుగుదల నిలిచిపోవును. కొన్ని వారములకు, నాళములు లేని అంచులు ఆకలిగొని పిలువగా, క్రమము తప్పిన కొత్త నాళములు పుట్టి, మచ్చ కట్టి, పటలమును ఊడలాగును.

వాషింగ్టన్ నగరమున పాట్జ్ అను యువవైద్యుడు ఆమ్లజని తగ్గించి పరీక్షించుచుండగా, బిడ్డలు చనిపోవుదురేమో అను భయముతో కొందరు నర్సులు రాత్రివేళ రహస్యముగా ఆమ్లజనిని ఇచ్చుచుండిరట. వారిని తప్పు పట్టుటకు నాకు నోరు రాదు.

తుదకు 1953 జూలైలో అమెరికాలోని 18 ఆసుపత్రులు కలిసి పరీక్ష నారంభించెను. 1954లో ఫలితము వెల్లడియైనది: ఆమ్లజనిని అవసరమునకు మించి ఇయ్యకున్నచో, మచ్చకట్టు వ్యాధి సుమారు మూడవ వంతునకు దిగినది, మరణములు హెచ్చలేదు. లోకము సంతసించినది. అయితే ఆ లెక్కలో ఒక లోటు కలదు. పుట్టిన 48 గంటల తరువాత జీవించియున్న శిశువులనే పరీక్షలో చేర్చిరి. బలహీన శిశువులు హెచ్చుగా మరణించునది ఆ రెండు దినములలోనే గదా! ఈ భేదమును గమనింపక, ఎల్లెడల పుట్టిన క్షణము నుండియే ఆమ్లజనిని బిగించిరి. 1973లో క్రాస్ అను ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు, ఒక అంధత్వమును తప్పించుటకు సుమారు పదునారు ప్రాణములు పోయి యుండునని అంచనా వేసెను.

ఈ సమస్య నేటికిని పూర్తిగా తీరలేదు. 24 నుండి 27 వారములకే పుట్టిన 1,316 మంది శిశువులతో జరిగి 2010లో ప్రకటితమైన అమెరికా పరీక్షలో, రక్తమున ఆమ్లజని పాలు తక్కువగా నుంచినవారిలో బ్రతికినవారికి తీవ్ర నేత్రవ్యాధి నూటికి 8.6, ఎక్కువగా నుంచినవారికి 17.9. కాని మరణములు వరుసగా నూటికి 19.9, 16.2. కన్నా, ప్రాణమా అని తూచవలసి వచ్చినప్పుడు ఏ తల్లియైనను ప్రాణమునే కోరును. వైద్యులును నేడు ఆ వైపునకే మొగ్గుచున్నారు. కావున చూపును కాపాడు భారము కంటి పరీక్ష మీద పడినది.

పాశ్చాత్య దేశములలో ఇపుడు మిక్కిలి చిన్న శిశువులకే ఈ వ్యాధి వచ్చుచుండగా, మన దేశమున 1,500 గ్రాములు మించినవారికిని వచ్చుచున్నది. అందుచే 2,000 గ్రాములకు తక్కువ తూగిన లేక 34 వారములు నిండక పుట్టిన ప్రతి శిశువునకు 30 దినముల లోపల నేత్రపటలమును పరీక్షింపవలెనని ఇచటి నియమము. మరింత చిన్న శిశువులకు ఇంకను ముందే. హైదరాబాదులో ఎల్. వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థవారు జంటనగరముల శిశువైద్యశాలలకు తామే పోయి పరీక్షించు పద్ధతిని నెలకొల్పిరి. సకాలమున కనుగొన్నచో లేజరు కిరణములతో చాలమంది చూపును నిలుపవచ్చును. పటలము ఊడిన పిమ్మట శస్త్రచికిత్స వలన కలుగు లాభము స్వల్పము. వ్యాధి ముదురువరకు బిడ్డ కన్ను పైకి నిర్మలముగనే యుండును. చుక్కల మందు వేసి కనుపాపను విప్పార్చి చూచినగాని తెలియదు. బిడ్డ బరువు పెరిగినదని ఇంటికి పంపు దినమున, కంటి పరీక్ష తేదీని అడిగి వ్రాయించుకొనవలెను.