పంపుటకు ముందు



మాది చీడికాడ. కోనాం జలాశయము మా మండలములోనిదే. 2022 ఏప్రిల్ వరకు మేము విశాఖపట్నము జిల్లావారము. అప్పటినుండి అనకాపల్లి జిల్లావారమైతిమి.

నా చిన్ననాట ఊరిలో ఏదేని సంగతి పదిమందికి తెలియవలెనన్న దండోరా వేయించెడివారు. దండోరా వేయువాడు వీథి మొగలో నిలిచి, డప్పు కొట్టి, ఇది ఎవరి ఉత్తరువో ముందు చెప్పెడివాడు. సంగతి పిమ్మట చెప్పెడివాడు. తప్పు చాటింపు పడినయెడల మరునాడు మునసబుగారి అరుగుమీద జవాబు చెప్పుకొనవలసిన మనిషి ఒకడుండెను. మునసబు కరణముల ఉద్యోగములు 1984లో రద్దయినవి. ఇప్పుడు డప్పు ప్రతివాని జేబులోనికి వచ్చినది. వ్రేలితో తాకిన చాలును, మాట నూరిండ్లకు పోవును. ఎవరి ఉత్తరువని అడుగువాడు మాత్రము లేడు.

అబద్ధపు వార్తలను నమ్మవద్దని చెప్పువారు నేడు పెక్కుమంది కలరు. నేను చెప్పదలచినది వేరు. నిజమైన మాటనైనను, మంచి మాటనైనను, మనము ఎందుకు పంపుచున్నామన్నదే నా ప్రశ్న.

ద్రోణవధ కథ మీరెరిగినదే. అశ్వత్థామ యను ఏనుగు చచ్చినమాట నిజము. ధర్మరాజు ఆ మాట గట్టిగా పలికెను. ఏనుగు అన్నమాట మెల్లగా పలికెను. అక్షరములను చూచిన అందులో అబద్ధము లేదు. అయినను అంతవరకు భూమికి నాలుగంగుళముల ఎత్తున నడచిన ఆయన రథము నేలకు దిగెను. మాటను తూచునపుడు అర్థముతోబాటు ఉద్దేశమునుకూడ తూచవలెనని మన పెద్దలు చెప్పిన తీర్పు ఇదియే.

ఇక నా రథము దిగిన కథ చెప్పెదను. 2020లో కరోనా వచ్చి పనులన్నియు నిలిచిపోయినపుడు, కూలిపనిచేసి బ్రతుకు ఒక ఇల్లాలికి నేను ఒక బస్తా బియ్యమిచ్చితిని. ఇచ్చునపుడు మనుమనిచేత ఫొటో తీయించితిని. దానిని మా బంధువులకును, స్నేహితులకును వాట్సాప్‌లో పంపి, దీనిని చూచి మరి నలుగురు దానము చేయుదురుగాక అని క్రింద వ్రాసితిని. ఆ మాట నేను నిజముగనే నమ్మితిని. ఆ సాయంకాలమంతయు ఎవరెవరు మెచ్చుకొనిరోయని ఫోను చూచుకొనుచునే యుంటిని.

కొన్ని నెలల తరువాత ఆమె కుమారుడు దారిలో కనబడెను. బడిలో చదువు కుర్రవాడు. తోడి పిల్లలు ఆ ఫొటో చూపి వానిని వెక్కిరించుచుండిరట. వాడు కోపపడలేదు. తలవంచుకొని ఇట్లనెను: "బియ్యం నెలకే అయిపోయాయి తాతగారూ. ఆ ఫొటో మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంది."

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. నలుగురు దానము చేయవలెననియే నా కోరిక యైనచో, బియ్యపు బస్తా బొమ్మ చాలదా? ఆమె ముఖమెందుకు? పక్కన నా ముఖమెందుకు? ఇట్లు అడుగుకొనగా పైనున్న మంచి ఉద్దేశము క్రింద వేరొకటి కనబడినది: పదిమందిలో దాతనని అనిపించుకొను ఆశ. నేను ఇచ్చినది ఒక బస్తా. పుచ్చుకొన్నది ఆ ఇంటి మర్యాద. మరునాడు వెళ్లి ఆ తల్లిని క్షమింపుమని కోరితిని. నా ఫోనులోని ఫొటో తీసివేసితిని. ఇతరుల ఫోనులలోనిది తీసివేయుట నా వశము కాలేదు. కాలు జారిన తీసికొనవచ్చును, నోరు జారిన తీసికొనలేమనుట ఇందుకే.

కీర్తికాంక్ష ఒకటియే కాదు, లోపల దాగియుండు ప్రేరణలు మరికొన్ని కలవు. అందరికంటె ముందు నేనే చెప్పితినను ఉబలాటమొకటి. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నమున వెంకటాపురము కడ రసాయన కర్మాగారమునుండి స్టైరీన్ వాయువు వెలువడి 12 మంది మరణించిరి. త్రోవలో పడిపోయినవారి బొమ్మలు, వారి బంధువులకు కబురు చేరకమునుపే, మనబోటివారి ఫోనులలో తిరిగినవి. ఆ రాత్రి మరల వాయువు వచ్చుచున్నదన్న మాట వ్యాపించి, అనేకులు పిల్లలతో చీకటిలో రోడ్డున పడిరి. పంపినవారిలో ఆపదనుండి తప్పింపగోరినవారు ఎందరో, వార్త తెచ్చినవాడనిపించుకొనగోరినవారు ఎందరో, వారి మనస్సులకే తెలియవలెను.

ఇంకొకటి భయము. 2018 జులైలో హైదరాబాదునుండి కొందరు స్నేహితులు బీదరు జిల్లాలోని పల్లెకు పోయి, అక్కడి పిల్లలకు చాక్లెట్లు ఇచ్చిరి. వారు పిల్లలనెత్తుకొనిపోవువారన్న వదంతి పుట్టి, వారి కారుకంటె ముందుగా ముర్కి గ్రామము చేరెను. అక్కడ జనము దారికడ్డము నిలిచి కొట్టగా వారిలో ఒక యువకుడు మరణించెను. ఆ వార్త పంపినవారు తమ బిడ్డలను కాపాడుకొనుచున్నామనియే తలచియుందురు. కాని భయము కలిగినపుడు విచారించుట కష్టము; ఆ భయమును పక్కవాని చేతిలో పెట్టుట సులభము. పెట్టినంతనే మన బరువు తగ్గినట్లుండును. మనము రక్షణయని పేరుపెట్టినది ఒక్కొక్కప్పుడు ఈ బరువు దింపుకొనుటయే.

ఆ నెలలోనే వాట్సాప్‌వారు మన దేశమున ఒక సందేశమును ఒకసారికి ఐదు చోట్లకు మించి పంపకుండ కట్టడిచేసిరి. పలుమార్లు చేతులు మారిన సందేశమును ఒకసారికి ఒక్కచోటికే పంపవీలగునట్లు 2020 ఏప్రిల్‌లో చేసిరి. గట్టు వేసిన వరద కొంత తగ్గును, నిజమే. ఊట మన మనస్సులోనున్నది. దానికి గట్టు మనమే వేయవలెను.

ఇంతమాత్రమున ఏదియు పంపవద్దని నేననుట లేదు. తుపాను హెచ్చరిక, అనకాపల్లి మార్కెట్టులో బెల్లము ధర, రక్తము కావలెనను కబురు ఊరికి మేలుచేయును. అయితే రక్తము కావలెనను కబురులో తేదీయున్నదా? రోగి కోలుకొని ఇంటికి వచ్చిన పిమ్మటకూడ ఆ కబురు తిరుగుచు పరులను పరుగులెత్తించుట లేదా? ఆ నంబరుకు ఒకసారి ఫోనుచేసి అడుగని దయ సగము దయయే.

నేను ఇప్పుడు మూడు ప్రశ్నలు వేసికొనుచున్నాను. పంపినది నేనని ఎవరికిని తెలియకపోయినను దీనిని పంపుదునా? ఇందులోని మనిషి నా ఎదుట కూర్చుండియున్నను పంపుదునా? రేపు ఇది తప్పని తేలినచో, పంపిన ప్రతి ఇంటికి పోయి తప్పని చెప్పుదునా? మూడింటికిని ఔనని మనస్సు చెప్పినపుడే పంపుచున్నాను. అందుచేత నేను పంపునవి బాగుగా తగ్గినవి. తగ్గినందువలన ఎవరికిని నష్టము కలిగినట్లు నాకు తోచలేదు.

పెద్దలారా, పిల్లలు ఫోను వదలుటలేదని మనము మందలింతుము. వారు మన వ్రేళ్లనుకూడ చూచుచున్నారు. నోరు మంచిదైన ఊరు మంచిదన్నారు. ఈ కాలమున నోరన్నను వ్రేలన్నను ఒకటియే. దండోరాకు ముందు ఎవరి ఉత్తరువని మనమే అడుగుకొందము. లోపలినుండి సరియైన జవాబు రానినాడు డప్పును క్రింద పెట్టుదము.