గర్భిణికి నిజం తెలియడం ఆమె హక్కు

(మేడ్చల్, శామీర్‌పేట ప్రాంత కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మద్యం అనగానే మనకు నెల్లూరు జిల్లా దూబగుంట గుర్తొస్తుంది. 1992లో ఊపందుకున్న ఆ స్త్రీల పోరాటం వల్ల 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఆ నిషేధాన్ని ఎత్తేశారు. అది మగవాళ్ళ తాగుడు మీద సాగిన పోరాటం. ఈరోజు నేను కడుపుతో ఉన్న ఆడవాళ్ళు తాగే కల్లు గురించి మాట్లాడదలచుకున్నాను.

మన ఊళ్ళల్లో కల్లు పరాయిది కాదు. బోనాలకు, పెళ్ళిళ్ళకు, కూలిపని చేసి అలిసొచ్చిన సాయంత్రానికి అది ఉంటుంది. ఆడవాళ్ళు తాగితే ఎవరూ వింతగా చూడరు. "చలువ చేస్తది, ఒక్క గ్లాసుకు ఏం గాదు" అని కడుపుతో ఉన్న కోడలికి అత్తే పోసిస్తుంది. ప్రేమతోనే ఇస్తుంది. అందుకే కాదనడం కష్టం.

చెట్టు దించినప్పుడు తియ్యగా ఉండే కల్లు గంటలు గడిచేకొద్దీ పులిసి మత్తెక్కుతుంది. కల్లయినా, బీరయినా, విస్కీ అయినా అందులోని ఆల్కహాలు ఒకటే. అది తల్లి రక్తం నుంచి మాయ దాటి బిడ్డకు చేరుతుంది. దాన్ని అరాయించుకునే శక్తి బిడ్డ కాలేయానికి ఉండదు. గర్భస్రావం కావచ్చు, బిడ్డ కడుపులోనే చనిపోవచ్చు, తక్కువ బరువుతో పుట్టవచ్చు. మెదడు తొమ్మిది నెలలూ ఎదుగుతుంది కనుక ఏ నెలలోనూ మద్యం క్షేమం కాదు. ఈ హానిని 1973లో సియాటిల్ డాక్టర్లు జోన్స్, స్మిత్ 'ఫీటల్ ఆల్కహాల్ సిండ్రోమ్' అన్నారు. ఇలాంటి పిల్లలకు చదువు తలకెక్కదు, నిలకడ ఉండదు. బడిలో వాళ్ళను మొద్దులని కొడతారు. దీన్ని నయం చేసే మందు లేదు.

కల్తీ సంగతి ఇంకో ప్రమాదం. 2025 జులైలో మన జిల్లాలోని కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. అందులో అల్ప్రాజోలం అనే మత్తుమందు బయటపడింది. నెలలు నిండే సమయంలో ఇలాంటి మందు ఒంట్లో ఉంటే పుట్టిన బిడ్డ సత్తువ లేకుండా ఉండవచ్చు, ఊపిరి తీయడం, పాలు తాగడం కష్టం కావచ్చు. రోజూ అలవాటైన మనిషి ఉన్నట్టుండి మానేస్తే ఫిట్స్ రావచ్చు. కనుక "రేపట్నుంచి బంద్ చెయ్యి" అని చెప్పి వచ్చేయకండి. వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.

అమెరికాలో 1989 నుంచి మద్యం సీసా మీద గర్భిణులకు హెచ్చరిక రాస్తున్నారు. మన సీసాల మీద 2019 నుంచి తప్పనిసరి చేసిన హెచ్చరికలో 'తాగి బండి నడపొద్దు' అని ఉంది, గర్భిణి మాటే లేదు. ఇక కల్లు దుకాణంలో ఏ హెచ్చరిక ఉంటుంది? శామీర్‌పేట పక్కనే జీనోమ్ వ్యాలీలో ప్రపంచానికి టీకాలు తయారవుతున్నాయి. ఆ ఊళ్ళ తల్లులకు ఈ చిన్న సమాచారం అందకపోవడం అన్యాయం.

అందుకని ఆశా, అంగన్‌వాడీ అక్కలు ఐరన్ మాత్రల గురించి అడిగినట్టే కల్లు గురించీ అడగాలి. నలుగురిలో కాదు, విడిగా అడగాలి. కడుపని తెలియకముందు తాగినామెను భయపెట్టొద్దు. ఏ నెలలో మానినా బిడ్డకు మేలేనని చెప్పాలి. అత్తకూ, భర్తకూ చెప్పాలి. అతను తాగొచ్చి కొడుతుంటే, ఆమెకు నీతులు చెప్పి లాభం లేదు. గీత కార్మికులు మనకు శత్రువులు కారు, కల్తీ చేసేవాళ్ళే శత్రువులు.

తల్లిని దోషిగా నిలబెట్టడం తేలిక. ఆమెకు నిజం చెప్పి, తోడు నిలవడమే మన పని.