గోదావరి బురదలో వానల లెక్క

(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం, రఘునాథపల్లి)



ప్రతి ఏడూ ఈ సమావేశంలో జకాత్ ఎంత వచ్చింది, ఎందరికి అందింది, ఎందరు పిల్లల ఫీజులు కట్టాం అని లెక్కలు చదువుతాం. ఈసారి పెద్దలు మమ్మల్ని వానల లెక్క చెప్పమన్నారు. మేము బడిలో సైన్సు చెప్పేవాళ్లం. వాన వెనుకపడితే మన దగ్గర ముందుగా పని పోయేది కూలీలకు. తర్వాత దెబ్బ తినేది చిన్న దుకాణాలు. ఆ పైన చేయి చాచి వచ్చేది మన సొసైటీ గడపకే. అందుకని ఈ సంగతి దాతలు వినదగ్గదే.

రంజాన్ నెల ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతుంది. ఎండకాలం, వానకాలం, చలికాలం అన్నీ చుట్టి రావడానికి దాదాపు 33 ఏళ్లు పడుతుంది. ఎండకాలపు రోజాకూ చలికాలపు రోజాకూ తేడా మనందరికీ అనుభవమే. భూమి నడకలోనూ ఇటువంటి జరుగుడు ఒకటుంది. భూమి సూర్యుడి చుట్టూ తిరిగే దారి కొంచెం కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. ఇప్పుడు మనం సూర్యుడికి అందరికంటే దగ్గరగా వెళ్లేది జనవరి మొదటి వారంలో, దూరంగా వెళ్లేది జూలై మొదటి వారంలో. రెండింటికీ తేడా 50 లక్షల కిలోమీటర్లు. ఈ దగ్గరి రోజు కూడా కాలాల గుండా మెల్లగా జరుగుతూ, ఒక చుట్టు తిరగడానికి సుమారు 21,000 ఏళ్లు తీసుకుంటుంది.

సూర్యుడు దూరమయ్యే స్థానం స్థిరంగా లేదని, టాలమీ కాలం నుంచి జరిగిందని వెయ్యేళ్లకు పూర్వమే అల్ బత్తానీ గమనించారు. ఇది వాతావరణాన్ని ఎలా మారుస్తుందో లెక్క కట్టినవారు సెర్బియాకు చెందిన మిలాంకోవిచ్. మొదటి ప్రపంచ యుద్ధంలో బందీగా ఉండి కూడా బుడాపెస్ట్ గ్రంథాలయంలో ఆ లెక్కలు సాగించారు. భూమి వాలు 41,000 ఏళ్లకోసారి పెరిగి తగ్గడాన్ని కూడా అందులో కలిపారు.

ఇక మోడల్ సంగతి. నేలను, సముద్రాన్ని, గాలిని కంప్యూటరులో గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడిలో వేడి, తేమ, గాలి ఎటు పోతాయో భౌతికశాస్త్ర సూత్రాలతో లెక్క కడతారు. ఒక్క అంశం మార్చి, మిగతావన్నీ అలాగే ఉంచి మళ్లీ నడుపుతారు. బిర్యానీలో ఉప్పు ఒక్కటే మార్చి మళ్లీ వండితే, రుచి తేడా ఉప్పుదేనని తెలిసినట్టు.

1981లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ కుట్జ్‌బాక్ 9,000 ఏళ్ల కిందటి భూమి దారిని ఇలా మోడల్‌లో పెట్టారు. అప్పటి జూలైలో ఎండ ఇప్పటికంటే 7 శాతం ఎక్కువ. నేల బాగా వేడెక్కి, సముద్రపు తేమగాలి బలంగా లోపలికి వచ్చి, ఆఫ్రికాలోనూ ఆసియాలోనూ వానలు పెరిగినట్టు లెక్క తేలింది. అరేబియాలోని రుబ్ అల్ ఖాలీ ఎడారిలో ఎండిపోయిన సరస్సుల అడుగులు నేటికీ కనిపిస్తాయి. లెక్కకు అవి సాక్ష్యం.

దీని పక్కన 21,000 ఏళ్ల కిందటి కాలాన్ని పెట్టి చూడండి. దగ్గరి రోజు ఒక చుట్టు తిరిగి వచ్చింది గనుక అప్పటి ఎండ ఇప్పటి ఎండకు చాలా దగ్గర. అయినా అది మంచుయుగం. కెనడా మీద, ఉత్తర యూరప్ మీద మంచు మూడు కిలోమీటర్ల మందాన పేరుకుంది. సముద్రం 120 మీటర్లు కిందికి దిగింది. గాలిలో కార్బన్ డై ఆక్సైడ్ పదిలక్షల పాళ్లలో 190 దాకా మాత్రమే. తెల్లని మంచు ఎండను వెనక్కి కొడుతుంది, పర్వతంలా నిలిచి గాలుల దారి మళ్లిస్తుంది. మోడళ్లలో ఆ మంచును, తగ్గిన వాయువును పెట్టి నడిపితే మన రుతుపవనాలు బలహీనపడ్డాయి. ఎక్కడో కెనడా మీది మంచు మన వానను తగ్గించగలదన్న సంగతి అలా తెలిసింది.

మన నేల సాక్ష్యం కూడా ఉంది. 2006లో జాయిడెస్ రిజల్యూషన్ అనే ఓడ గోదావరి సముద్రంలో కలిసే చోటికి ఎదురుగా, వెయ్యి మీటర్లకు పైగా లోతున, సముద్రపు అడుగు నుంచి బురద తీసింది. గోదావరి వేల ఏళ్లుగా మోసుకుపోయిన ఒండ్రు అది. అందులో ఆకుల మీది మైనం చెడిపోకుండా మిగిలింది. చెట్ల ఆకులు కార్బన్‌ను ఒక తీరున తీసుకుంటాయి, కరువును ఓర్చే గడ్డి, జొన్న వంటివి మరో తీరున తీసుకుంటాయి. మైనాన్ని పరీక్షిస్తే ఏ కాలంలో ఏవి పెరిగాయో తెలుస్తుంది. 2012లో పోంటన్, జోసాన్ బృందం అచ్చు వేసిన ఫలితం ఇది: సుమారు 4,000 ఏళ్ల కిందటి నుంచి 1,700 ఏళ్ల కిందటి దాకా గోదావరి పరీవాహకంలో కరువును ఓర్చే మొక్కలు పెరుగుతూ వచ్చాయి, ఆ తర్వాత అవే నిలిచాయి. ఎండాకాలపు సూర్యుడు మెల్లగా దూరం జరగడం ఈ ఎండుదారికి వెనుకనున్న పెద్ద కారణం. అటువంటి నేల మీద కాకతీయులు పాకాల, రామప్ప చెరువులు కట్టారు. ఈనాడు దేవాదుల ఎత్తిపోతలతో గోదావరి నీళ్లు జనగామ వైపు తెచ్చుకుంటున్నాం.

మరి ఇప్పటి వేడి కూడా భూమి నడక వల్లేనా అని చాలామంది అడుగుతారు. మంచుయుగం నుంచి బయటపడడానికి సుమారు 10,000 ఏళ్లు పట్టింది, అప్పుడు పెరిగింది సుమారు అయిదు డిగ్రీలు. ఇప్పుడు 150 ఏళ్లలోనే ఒక డిగ్రీ దాటింది. ఇంత కొద్దికాలంలో భూమి దారి చెప్పుకోదగినంత మారదు. మారింది గాలి. 280 ఉన్న కార్బన్ డై ఆక్సైడ్ 420 దాటింది. అది బొగ్గు, పెట్రోలు కాల్చడంతో వచ్చింది. పాత కాలాల్ని సరిగా చెప్పిన మోడళ్లే ఈ మాట కూడా చెబుతున్నాయి గనుక దీన్ని నమ్మాలి.

అందుకని సొసైటీ తరఫున మూడు మనవులు. కరువు ఏడాది కోసం ఒక నిధి విడిగా ఉంచుదాం. కూలి దొరకని కుటుంబానికి అప్పటికప్పుడు బియ్యం అందాలి. మసీదు, మదరసా కప్పుల మీది వాననీరు ఇంకుడు గుంతల్లోకి మళ్లిద్దాం. జకాత్ హక్కుదారులు వేరు గనుక ఈ పనికి సదఖా నుంచి ఇవ్వండి. మూడోది చదువు. హైదరాబాదులో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఉంది, హైదరాబాదు విశ్వవిద్యాలయంలో భూమి, సముద్రం, వాతావరణం చదివే విభాగం ఉంది. మన పిల్లలు ఇంజనీరింగు, డాక్టరీ దగ్గరే ఆగకుండా అక్కడిదాకా వెళ్లాలి. ఆడపిల్లలు మరీ. ఫీజు లేక అటువంటి చదువు ఏ ఒక్కరికీ ఆగకూడదు.

తవ్విన బావి, నేర్పిన చదువు మన తర్వాత కూడా పుణ్యం తెస్తాయని పెద్దలు చెప్పారు. ఈ ఏడు విరాళం రాసేటప్పుడు ఆ రెండింటికీ విడిగా ఒక్కో గీత గీయమని కోరుతున్నాం. అల్లాహ్ మీ సంపాదనలో బర్కత్ ఇవ్వుగాక.