చివరి గుడిసెకు ఆరోగ్య కేంద్రము ఎంత దూరము?

(తీర మండలముల పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)

పంచాయతీ సభ్యులారా!

అల్లూరు, విడవలూరు, ముత్తుకూరు ప్రాంతములలో మేము ఏ సభకు వెళ్ళినను ఒక ప్రశ్న ఎదురగుచున్నది: "నెల్లూరులో పెద్ద ఆసుపత్రులుండగా, ఈ చిన్న కేంద్రములెందుకండీ?" అని. పాము కరచిన రాత్రి ఎవరును ఈ ప్రశ్న అడుగరు.

వరిగట్లపై ఎలుకలను పట్టుట యానాదుల పాతవృత్తి. మన జిల్లా గిరిజనులలో అధిక సంఖ్యాకులు వీరే. బొరియలో చేయి పెట్టినవానికి లోపల నున్నది ఎలుకయో, త్రాచో తెలియదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర – ఈ నాలుగింటి విషమునకును విరుగుడు మందు ఒక్కటే. ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలో ఉండవలసిన మందులలో అదియు నొకటి. కట్లపాము కరచినచో నొప్పి, వాపు కనబడకపోవచ్చును. కొన్ని గంటలలో ఊపిరి ఆడించు కండరములే చచ్చుబడును. కట్టు బిగించుచు, గాయము కోయుచు, మంత్రగాని కొఱకు కాచుకొనుచు పోగొట్టిన కాలము మరల రాదు. పాముకాటు మరణములను 2030 నాటికి సగమునకు తగ్గింపవలెనని కేంద్ర ప్రభుత్వము 2024లో జాతీయ ప్రణాళికను ప్రకటించినది.

1946లో భోర్ సంఘము సిఫారసు చేసిన ఈ కేంద్రములు, 1952 అక్టోబరు 2న ఆరంభమైన సమాజ వికాస పథకముతో పల్లెలకు వచ్చినవి. మైదానమున 30,000 జనాభాకొక ప్రాథమిక కేంద్రము, 5,000 మందికొక ఉపకేంద్రము అని ప్రమాణము. గిరిజన ప్రాంతములకు ఇది 20,000, 3,000. యానాదులు గిరిజనులే, కాని వారుండునది మైదానము, ఊరికి ఎడముగా కాలువగట్లపైన. కనుక లెక్కలో మైదానము క్రిందికే వత్తురు.

వేరొక అడ్డు కూడ కలదు. నేరస్థ జాతుల చట్టము యానాదులకును వర్తించినది. వెన్నెలకంటి రాఘవయ్యగారి వంటివారు దాని రద్దుకై పాటుపడిరి. 1952 నాటికి అది దేశమంతట రద్దయినది. ఆనాటివారి మనుమలే నేడు మన కేంద్రమునకు రావలసినవారు. చీటీ వ్రాయుచోట ఒక్క కసురు చాలును, వారు మరల రారు. అట్టి కసురు మేము స్వయముగా వింటిమి, ఎక్కడనో చెప్పము.

1960 దశకమున అమెరికాలో, మిసిసిపీ రాష్ట్రపు మౌండ్ బాయూ అను ఊరి ఆరోగ్య కేంద్రమువారు, ఆకలితో చిక్కిన పిల్లలకు మందుచీటీలపై ఆహారమునే వ్రాసియిచ్చిరి. బావులు కూడ త్రవ్వించిరి. త్రాగునీరు, మురుగు, దారి – ఇవి డాక్టరు చేతిలోనివి కావు, మీ చేతిలోనివి. రాజ్యాంగపు 11వ షెడ్యూలులో 23వ అంశము, ఆసుపత్రులు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రములతో సహా, ఆరోగ్యము, పారిశుద్ధ్యములను పంచాయతీలకు అప్పగింపదగిన విషయములలో చేర్చినది.

రాబోవు గ్రామసభకు ముందు ఒక సాయంకాలము, ఆశా కార్యకర్తను వెంటబెట్టుకొని, మీ ఊరి చివరి గుడిసెనుండి కేంద్రము వరకు నడువుడు. 108 వాహనము ఏ గట్టువరకు రాగలదో, వానలో ఎక్కడ ఆగునో చూడుడు. కేంద్రములో విరుగుడు మందు సీసాలెన్ని కలవో, రాత్రివేళ ఎవరుందురో అడిగి, ఆ సంగతులు సభలో చదివి వినిపింపుడు. ఆ సభకు గుడిసెలవారిని కూడ పిలువుడు.